ఆ పొద్దున ఒడ్డున ఉన్నది నాన్న ఒక్కడే

అక్కా, బాగున్నావా? అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? నాన్నకి జ్వరం మళ్లీ రాలేదు కదా? నేను బాగానే ఉన్నా. వాయిస్ పెట్టమంటావు, నాకు మాట పెగలదు, అందుకే టైప్ చేస్తున్నా. తప్పులుంటే సర్దుకో. అమ్మకి మాత్రం ఇది ఇప్పుడే చదివి వినిపించొద్దు.

నెల్లూరులో గాలే లేదు. చేపలు దొరుకుతాయి గాని ఐసులో పెట్టినవి, చప్పగా ఉంటాయి. రమణయ్య సారు భార్య రెండు పూటలా అన్నం పెడుతుంది. నా పని బండి నడపడం, సారు ఎవరినైనా మాట్లాడిస్తుంటే ఫోన్లో వీడియో తీయడం. నోరు తెరిచే పని లేదు, నాకు సరిపోయింది.

సారుది చిట్టమూరు పక్క పల్లె. మొదట్లో వార్త కాగితం మీద రాసి బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపేవాడంట. తర్వాత పెద్ద పేపర్లో రాజకీయాలు రాశాడు. ఒక ఎలక్షన్లో కర్రలతో కొట్టారు, అప్పటినుంచి ఎడమ కాలు ఈడుస్తాడు. ఓనరు పార్టీలో చేరాక ఆ ఉద్యోగం వదిలేసి, జిరాక్సు షాపు పైన రెండు గదుల్లో సొంతంగా వారపత్రిక నడుపుతున్నాడు. ఎవరేం చెప్పినా ఒకటే అడుగుతాడు, "చూసినావా, విన్నావా?"

అక్కా, నాకు భయంగా ఉంది. రెండు వారాల కింద అన్నం తింటూ నోరు జారాను. మనం వలలు ఆరేసే ఇసుక దిబ్బని రొయ్యల హేచరీకి ఇస్తూ ఊరి పెద్దలు ఎవరికీ చెప్పకుండా సంతకాలు పెట్టారని, ఎమ్మెల్యే మనిషి కాగితాలు తెచ్చాడని చెప్పాను. సారు చేతిలో ముద్ద ఆపాడు.

"చూసినావా, విన్నావా?"

"మా నాన్న చూసినాడు సార్. నాకు ఫోన్లో చెప్పినాడు."

ఆయన ఇంకో రెండు చోట్ల విచారించి, కాగితం కాపీ సంపాదించాకే రాశాడు. నాన్న పేరు ఎక్కడా లేదు. కానీ దిబ్బ మీద ఆ సంతకాలు జరిగింది "పడవలన్నీ వేటకు పోయిన పొద్దున" అని రాశాడు. నేనూ కూడబలుక్కుని చదివా, తట్టలేదు. ఆ పొద్దున జ్వరంతో ఒడ్డున పడుకున్నది నాన్న ఒక్కడే కదా అక్కా.

నిన్న మన ఊరి కూటం నడిపే పెద్దకాపు, ఎమ్మెల్యే మనిషి ఆఫీసుకొచ్చారు. పెద్దకాపు నన్ను చూసి నవ్వాడు.

"ఏందబ్బయ్యా, నలుగురిలో తల ఎత్తనోడివి, పేపర్లో పడినావే!"

ఎమ్మెల్యే మనిషి సారు వైపు తిరిగి, "ఎవురు చెప్పినారో పేరు చెప్పు సామీ, పోతాం" అన్నాడు.

"ఈ కాలు ఇరగ్గొట్టినోళ్లూ అదే అడిగినారు. కూర్చోండి, టీ తాగిపోండి" అన్నాడు సారు.

పెద్దకాపు కూర్చోలేదు. "నువ్వు చెప్పబళ్లేదులే. ఊరి మాట ఊరు దాటిస్తే ఏమవుద్దో ఈ పిల్లోడికి తెలుసు. ఆదివారం కూటంలో కూర్చుంటాం."

తెలుసక్కా. పోలయ్య మామని వెలేసినప్పుడు పడవ ఒడ్డుకు లాగేదానికి ఒక్కరూ చెయ్యి వేయలేదు. అత్త ఒక్కతే తాడు పట్టుకుని ఏడ్చింది. నువ్వూ నేనూ చూస్తూ నిలబడ్డాం.

వాళ్లు పోయాక, ఆ పొద్దున ఒడ్డున ఉన్నది నాన్న ఒక్కడేనని చెప్పా. సారు పేపర్లో ఆ పడవల లైను మీద వేలు పెట్టాడు. "పేరు దాచినా గాని మనిషిని చూపించేసినా. తప్పు నాదిరా, నీది కాదు. నేనే వచ్చి మీవోళ్లతో మాట్లాడతా. నువ్వు రాబాక" అన్నాడు. కానీ మన కూటంలో బయటివాళ్లని మాట్లాడనీరు కదా. అప్పటినుంచి కింద బండి ఆగితే చాలు, లేచి కిటికీలోంచి చూస్తున్నా.

నేను వస్తున్నా అక్కా. నాన్న కొడుక్కి చెప్పుకున్నాడు, అది తప్పు కాదు. ఊరు దాటించింది నేను. వెలేస్తే నన్నే వేయాలి, నేను ఎట్టాగూ ఊళ్లో ఉండేవాణ్ణి కాదు. సంతకాల కాగితం కాపీ కూడా తెస్తా, అందరి ముందూ చదవమంటా. అప్పటిదాకా నాన్నని ఎవరైనా అడిగితే, "నా కొడుకు వస్తుండాడు, వాణ్ణే అడగండి" అనమను.

సారుకి ఇంకా చెప్పలేదు. నా గురించి దిగులు పెట్టుకోవద్దు, వేళకి తింటున్నా. అమ్మకీ నాన్నకీ నా దండాలు. నాకు మంచి జరగాలని మన గంగమ్మకి ఒక కొబ్బరికాయ కొట్టు.

కూటంలోకి ఆడవాళ్లని రానీరు, తెలుసు. గోడ అవతల అయినా సరే, నాకు కనబడేటట్టు నిలబడు అక్కా. నువ్వు కనబడితే నాకు నోరొస్తుంది.

నీ తమ్ముడు
శీనుగాడు