తల బాదుకున్న సంగతి

తమ్ముడూ,

ఫొటోలో నా నుదుటి మీద బొప్పి చూసి అమ్మ హడలిపోయిందట, నేను బాగానే ఉన్నానని చెప్పు.

కొత్తరకం బ్యాటరీల కోసం ల్యాబులో నేను సోడియం కోస్తానని తెలుసుగా. దానికి గాలి తగిలితే పాడు, నీళ్లు తగిలితే భగ్గుమంటుంది. అందుకే అద్దాల పెట్టెకున్న రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి పని చెయ్యాలి. మొన్న అలా ఉండగా, ఏది కనపడినా కడిగేస్తాడని మేం సబ్బుబిళ్ల అని పిలిచే పక్కగది ఆయన వచ్చి, బయట బల్ల మీద నూనెలో సోడియం తరుగు ఉన్న గిన్నెని ఉత్త జిడ్డుగిన్నె అనుకుని కుళాయి దగ్గరికి తీసుకుపోయాడు. అరిచాను. పెట్టెలోంచి గాలి లాగే పంపు హోరులో వినపడలేదు. చెమటకి చేతులు తొడుగులకి అతుక్కుపోయి ఒక పట్టాన ఊడి రావు. ఇక నుదుటితో అద్దాన్ని దబదబా బాదాను. ఆయన చూశాడు. చూసి, నవ్వి, కుళాయి మీద చెయ్యి వేశాడు.

చేతులెలా పెరుక్కున్నానో తెలీదు, పరిగెత్తి జబ్బ పట్టి లాగేశాను.

"నా శుభ్రం చూసి మీరు రోజూ తల బాదుకుంటారుగా, ఇదీ అదే అనుకున్నానండి" అన్నాడు, మొహం పాలిపోయి. ఆయన్నేం తిట్టను? గిన్నె మీద చీటీ అంటించనిది నేనే.

కారే పైపు బాగు చేయించావా? నా పాత స్వెట్టరు పంపు. పోయిన ఉత్తరంలో "అమ్మ నా మీద విసుగుతో రోజూ తల పట్టుకు కూర్చుంటోంది" అని రాశావు. విసుగేనా? అడిగావా? ఈ ఉత్తరం పక్కన పెట్టి, వెళ్లి నొప్పేమో అడుగు.

ఇద్దరూ చల్లగా ఉండండి.

అక్క