ఇంటిల్లిపాదికీ లో

లాల్‌పేట్, చంద్రపూర్
పోళా పండుగ మరునాడు, 1999

వరోరాలో ఉన్న వియ్యపురాలు చంద్రకళ వదినెకు నర్సవ్వ దండాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కనుక రాస్తున్నాను. నిజానికి నాకు నిన్నటి నుంచి ఎడమ చెవిలో గుయ్యిమంటున్నది. ఎందుకో ఏమో.

మీరు పంపిన కాళ్లు వణికించే యంత్రం అందింది. నా మోకాళ్ల మీద మీకున్న దయకు సంతోషం. కాని వదినె, లాల్‌పేట్‌లో ఉండేవాళ్లకు వణుకు కొని పంపాలా? బొగ్గు ఖదానులో బ్లాస్టింగ్ అయిందంటే మా ఇంట్లో కాళ్లే కాదు, గోడలు, గిన్నెలు, దేవుడి పటాలు అన్నీ వణుకుతాయి. అదీ ఉచితంగా. మొన్న కరెంటు పోయిన సంగతి తెలియక, బ్లాస్టింగ్ వణుకునే మీ వైద్యం అనుకొని "అబ్బ, హాయిగుంది" అన్నాను కూడా.

మీ బిడ్డ, మా కోడలు జయకు ఆరో నెల నడుస్తున్నది. ఏడో నెల పడితే పురిటికి తీసుకుపోతానన్నారు. తొలి కాన్పు పుట్టింట్లో కావాలన్నది మన పద్ధతే, కాదనను. కాని రోడ్ల మీది గుంతలు, రైల్లో తోపులాట తలుచుకుంటే నాకు ముద్ద దిగదు. పిల్ల బాగుందని నాకు ధైర్యం వస్తేనే గడప దాటిస్తాను. ముందే చెబుతున్నాను.

ఇట్లు, మీ మేలు కోరే
నర్సవ్వ

తా.క.: ఆ యంత్రం నిన్న తనంతట తాను నడుచుకుంటూ మంచం కిందికి పోయింది. మా ఆయన, అంటే మీ లస్మయ్య అన్నయ్య, పందికొక్కు అనుకొని కర్రతో కొట్టాడు. ఒక మూల సొట్టపోయింది. ఇప్పుడు తక్కువ వణుకుతున్నది. చాలా సుఖంగా ఉన్నది.


వరోరా
18-9-1999

నర్సవ్వ వదినెకు చంద్రకళ నమస్కరించి రాయునది. మీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక టీ తాగాను.

మా అక్షయ్ సైకిళ్ల దుకాణం తీసేసి ఈ ఆరోగ్య యంత్రాల దుకాణం పెట్టాక బజారులో మా ఇజ్జత్ ఎంత పెరిగిందో మీకు తెలియదు. వాడిప్పుడు టై కట్టుకుంటున్నాడు. సైకిల్‌కు గాలి కొట్టించుకుందామని పాత అలవాటున వచ్చేవాళ్లు కూడా ఆ టై చూసి "మాఫ్ కరా సాహేబ్" అని వెళ్లిపోతున్నారు.

మీ భయానికి మందు పంపుతున్నాను. ఇది బీపీ యంత్రం, జపాను సరుకు. జబ్బకు పట్టా కట్టి బొత్తాం నొక్కితే చాలు, డాక్టరు అక్కరలేదు. రోజూ జయకు కట్టి చూడండి. అంతా బాగుంటే దసరాకు ముందు జీపు తెస్తాను, నవ్వుతూ పంపండి. బాగులేదని యంత్రం చెబితే పంపమని నేనే అడగను. మనిషి అబద్ధమాడతాడు గాని యంత్రం ఆడదు.

ఇక్కడ పిల్ల కోసం అన్నీ సిద్ధం చేశాం. ఆవిరి పెట్టె, అయస్కాంతాల పరుపు, నడుము ఊపే పట్టా. దుకాణం ముందు గదిలోనే ఉంచుతాం, గాలి బాగా వస్తుంది. "అక్క గిట్ల అయస్కాంతం పరుపు మీద కూసొని ఒక్క నవ్వు నవ్విందనుకో అమ్మా, వరోరల ఆడోళ్లంత కొంటరు" అంటుండు అక్షయ్. అక్కంటే వాడికి అంత ప్రేమ.

ఇట్లు,
చంద్రకళ

తా.క.: ఎర్రని కొత్త సెల్లులు వేసి పంపిస్తున్నాను. ఇది నడవదు. కొట్టవద్దని అన్నయ్యకు చెప్పండి.


లాల్‌పేట్
గణపతులు నీళ్లలోకి పోయిన వారం

చంద్రకళ వదినెకు నర్సవ్వ దండాలు. క్షేమం అని ఈసారి మర్యాదకు కూడా రాయలేను. ఇంటిల్లిపాదికీ లో వచ్చింది.

మొదట మంచిగానే ఉండె. మీ యంత్రం జబ్బను పట్టి పిసికి, బుస్సుమని నిట్టూర్చి, అంకెలు చూపేది. బాధ మనదా దానిదా తెలిసేది కాదు. జయ చదివి "మంచిగనే ఉన్నది అత్తమ్మా" అనేది. నేను వాడకట్టు వాళ్లకు కూడా కట్టి చూశాను. "నర్సవ్వ వదినె, పేరుకు తగ్గట్టు నర్సువైతివి పో" అన్నాడు పక్కింటి భీమయ్య.

తరువాత ఒకనాడు అంకెలు మాయమై ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

"లో అని వస్తుంది అత్తమ్మా" అన్నది జయ.

"లో అంటే? ఎందుల లోపల?"

"లోపల కాదు. ఇంగ్లీషుల లో అంటే తక్కువ."

"ఏం తక్కువ? మనకేం తక్కువైందే?"

"బీపీ కావచ్చు. గిట్లుంటె జీపుల కూసొని అంత దూరం పోవద్దేమో అత్తమ్మా" అన్నది, పాపం, నేల చూసుకుంటూ.

నాకు కట్టాను, లో. మీ అన్నయ్యకు లో. సిమెంటు బస్తా ఒక్క చేత్తో లేపే భీమయ్యకు లో. ఈల వేసుకుంటూ వచ్చిన మనిషి గోడ పట్టుకొని ఇంటికి పోయాడు.

మా కొడుకు సంజయ్ జయను దవాఖానకు తీసుకుపోయాడు. "ఏం లేదు, బాగుంది" అన్నాడట డాక్టరు. చేతి గడియారం చూసుకుంటూ చెప్పిన మాట. యంత్రం అబద్ధమాడదని మీరే రాశారు. నాకు మీ యంత్రం మీద నమ్మకం లేదు వదినె, భయం మాత్రం ఉన్నది. లో పోయేదాకా పిల్లను పంపను. ఉప్పు మజ్జిగ, మేక కాళ్ల పాయ తాగిస్తున్నాను. జయకు ఆ యంత్రమంటే ఎంత శ్రద్ధనో! తుడిచి, తన అల్మారలో పెట్టి తాళం వేస్తుంది. ఎవరినీ ముట్టనీయదు.

ఇట్లు, ముద్ద దిగని
నర్సవ్వ

తా.క.: మా మేకకు కూడా కట్టి చూశాను. దానికీ లో. పాయ కోసం కాళ్ల వైపు చూస్తున్నానని బెదిరి ఉంటుంది.

ఇంకొకటి: ఎండాకాలం నుంచి మూగనోము పట్టిన మీ అన్నయ్య ట్రాన్సిస్టర్ ఈమధ్య గొంతు చించుకొని పాడుతున్నది. లో ఉన్న మనిషికి ఇంత హుషారు ఎక్కడిది?


వరోరా
4-10-1999

శ్రీమతి నర్సవ్వ గారికి,

నా బిడ్డ మా ఇంట్లో ఉన్నన్నాళ్లు లో అంటే ఏమిటో ఎరగదు. అక్షయ్‌ని అడిగాను. లో అంటే లోపం. జపాను వాళ్లు ఊరికే రాయరు. ఒక్కరికి వస్తే రోగం, ఇంటిల్లిపాదికీ వస్తే వంట. అంత పల్చని పప్పు వండితే లో రాక ఏం వస్తుంది? మేకకు కూడా లో అంటే, ఆ ఇంట్లో గడ్డి కూడా కడుపునిండా వేయరని తేలిపోయింది.

యంత్రం బాగులేదంటే అడగనని రాశాను, నిజమే. తిండి పెట్టరని రాయలేదు కదా. బుధవారం జీపు తెస్తున్నాను. పిల్లను సిద్ధంగా ఉంచండి.

చంద్రకళ

తా.క.: నా కోసం ఏమీ వండవద్దు. టిఫిన్ తెచ్చుకుంటాను.


లాల్‌పేట్
ఎంగిలిపూల బతుకమ్మ నాడు

చంద్రకళ వదినెకు నర్సవ్వ దండాలు. ఇల్లు చేరారని, లేచి కూర్చుంటున్నారని తెలిసి మనసు కుదుటపడింది. బుధవారం మీకు కళ్లు తిరిగాయి కదా, ఏం జరిగిందో గుర్తుండదు. అందుకే రాస్తున్నాను.

మీరు జీపు దిగుతూనే "అయ్యో, నా బిడ్డ ఎండిపోయిందే!" అని వాడకట్టంతా వినేటట్టు అన్నారు. అప్పటికి జయ తలుపులో అడ్డంగా నిలబడి ఉన్నది. పక్క నుంచి మేక కూడా దూరలేకపోతున్నది.

తరువాత చెయ్యి చాపి "తేండ్రి ఆ యంత్రం! కడుపునిండ తినేటోళ్లకు ఎట్లుంటదో సూపిస్త" అన్నారు. జయ అల్మార తీసి తెచ్చింది. కట్టింది. నొక్కింది. బుస్సుమన్నది.

"నీకు గూడ లో నే అమ్మా" అన్నది జయ.

మీరు గోడ మీదుగా మెల్లగా జారారు. "నా చేతులు సల్లబడ్డయి వదినె, నా దీపం ఆరుతుంది, దుకాణం పైలం, మంచిగ సూసుకొమ్మని అక్షయ్‌కి చెప్పుండ్రి" అన్నారు. బిడ్డ పైలం అంటారేమో అని చూశాను. అనలేదు. మా ఇంటి పాయ ముంత ఎత్తి గటగటా తాగారు, ఇంకొంచెం ఉందా అన్నారు. జయ కోసం వేసిన దిండ్ల మీద మిమ్మల్నే పడుకోబెట్టి జీపు తోలించాము.

నాకొక్కటే అనుమానం. మా పల్చని పప్పు తినని మీకు లో ఎట్లా వచ్చింది వదినె?

ఇట్లు, మీ ఆరోగ్యం కోసం మొక్కుకుంటున్న
నర్సవ్వ

తా.క.: మీ టిఫిన్ డబ్బా మరిచిపోయారు. మేక తిన్నది. భయపడకండి, దానికేం కాలేదు.


వరోరా
13-10-1999

వదినెకు చంద్రకళ రాయునది. పడుకొని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి.

ఇంటికి రాగానే అక్షయ్ దుకాణంలోని ఇంకో యంత్రం తెచ్చి కట్టాడు. అది అదే కంపెనీది, అదే రంగుది. దానిలో వచ్చిన అంకె చూసి పిల్లవాడు టై వదులు చేసుకున్నాడు. హై అట. మీ ఇంట్లో లో, మా ఇంట్లో హై. దారిలో ఎక్కడ ఎక్కించుకున్నానో నాకు తెలియదు. అసలు డాక్టరును పిలిస్తే, "కోపం తగ్గించండి, ఉప్పు తగ్గించండి" అన్నాడు. మీ పాయలోనే ఉప్పు ఎక్కువ.

అక్షయ్ ఒక్క మాట అడగమన్నాడు. యంత్రం వెనుక మూత తీసి చూడండి. నేను వేసిన ఎర్ర సెల్లులే ఉన్నాయా? సెల్లు చచ్చిపోతే కూడా ఆ యంత్రం లో అనే రాస్తుందట. ఆ సంగతి వాడు ఇప్పుడే పుస్తకంలో చదివాడు. అమ్మేవాడు ఇంతకుముందు చదవలేదా అని అడగకండి. నేను అడిగాను, చాలు.

ఇట్లు,
చంద్రకళ

తా.క.: బిడ్డ పైలం.


లాల్‌పేట్
దసరా మరునాడు

చంద్రకళ వదినెకు నర్సవ్వ జమ్మి పెట్టి రాయునది.

మీ ఉత్తరం చదివి జయను తాళంచెవి అడిగాను. "ఎందుకు అత్తమ్మా?" అన్నది. మూత తీస్తే ఎర్రవి లేవు. చిలుము పట్టిన పాత సెల్లులు, వాటి మీద పంటిగాట్లు. ఆ గాట్లు నాకు తెలుసు. సెల్లు అయిపోతే కొరికి, ఇంకో వార్త పిండుకునే మనిషి ఈ లాల్‌పేట్‌లో ఒక్కడే ఉన్నాడు.

ట్రాన్సిస్టర్ ఎత్తి "దొంగతనమా ఈ వయసుల?" అని మీ అన్నయ్య మీదికి పోయాను.

"నేనెందుకు దొంగతనం చేస్తనే? కోడలే ఇచ్చింది. మామా, మీ పాతవి నాకియ్యుండ్రి, కొత్తవి మీరు తీసుకోండ్రి అన్నది. గింత మంచి కోడలు దొరకదని మురిసిన."

జయ వైపు తిరిగాను. పిల్ల ఏడవలేదు, తల వంచలేదు.

"అమ్మగారింటికి పోనని కాదు అత్తమ్మా. ఆ ముంగటి గదిలకు పోను. తమ్ముడు నన్ను అయస్కాంతం మీద కూసోబెట్టి గిరాకీలకు సూపిస్తడు. నేను బిడ్డను కంటానికి పోవాల్నా, సామాన్ అమ్మటానికి పోవాల్నా? అమ్మకు మూడుసార్లు చెప్పిన, 'గాలి బాగ వస్తది' అన్నది. మీకు చెప్తె జీపు బోర్లపడ్తదేమో అని ఏడుస్తరు. నేను చెప్తె ఎవ్వరు వినరు. యంత్రం చెప్తె ఇద్దరు వింటరు. గందుకే దానితోని చెప్పించిన."

అన్నం ఉడికేంతసేపు నాకు కోపంగా ఉన్నది. వంచేసరికి పోయింది. పిల్ల కళ్ల ముందే ఉండగా మనిద్దరం ఆ గాజుబిళ్లలో అక్షరాలు చూస్తూ కూర్చున్నాము వదినె. డాక్టరు చెప్పినా విననిది నేను, బిడ్డ చెప్పినా విననిది మీరు. వంట రుచి సంగతి తరువాత తేల్చుకుందాం.

పిల్లను పంపుతాను. జీపు పంపండి. వెనుక గదిలో నులకమంచం వేయించండి, ఆవిరి పెట్టె అటకెక్కించండి. ముందు గదిలో కూర్చోబెట్టారని తెలిసిన నాడు నేనే వచ్చి ఆ అయస్కాంతాల పరుపు మీద కూర్చుంటాను. వచ్చిన ప్రతి గిరాకీకి నా మోకాళ్ల సంగతి మొదటి నుంచి చెబుతాను. ఆ తరువాత వరోరాలో ఒక్క పరుపు అమ్ముడుపోతే నన్నడగండి.

ఇట్లు, మీ బిడ్డకు అత్త, మీకు వదినె అయిన
నర్సవ్వ

తా.క.: ఎర్ర సెల్లులు మళ్లీ యంత్రంలో వేసి అందరికీ కట్టి చూశాము. జయ మంచిగున్నది. భీమయ్య మళ్లీ ఈల వేస్తున్నాడు. కాని మీ అన్నయ్యకు వచ్చిన అంకె చూసి నాకు కాళ్లు వణికాయి, మీరు పంపిన మొదటి యంత్రం కూడా అంత వణికించలేదు. నాకు వచ్చిన అంకె చూసి ఆయన వార్తలు మధ్యలో ఆపేశాడు. రేపు ఇద్దరం దవాఖానకు పోతున్నాము, గడియారం లేని డాక్టరు ఉంటే బాగుండు. లో ఉన్నన్నాళ్లే సుఖంగా ఉన్నాము వదినె. అందుకని పాత సెల్లులే వేయించి యంత్రాన్ని మేక కొట్టంలో పెట్టాను. దానికి ఇంకా లో నే. హాయిగా మేస్తున్నది.