ఈరవ్వ వంతు

మార్చి 5, బుధవారం

భస్మ బుధవారం. ఈస్టరు ముందు నలభై రోజుల ఈ శ్రమకాలంలో ఇష్టమైనది ఒక్కటైనా విడిచిపెట్టమని చర్చిలో అయ్యగారు చెప్పారు. నేను చాయ్ విడిచిపెట్టాను.

కామారెడ్డి కోచింగ్‌లో తెలుగు సార్ కూడా ఇవాళ 'త్యజించు' దగ్గరే ఆగాడు. పారేయడం, పోగొట్టుకోవడం, అక్కర్లేక వదిలేయడం ఇవేవీ త్యజించడం కాదట. తనదై ఉండాలి, కావాలనిపించాలి, అయినా విడవాలి. సొంత వాక్యం రాసుకురమ్మన్నాడు. 'నేను చాయ్‌ను త్యజించితిని' అని రాశాను. ఏం తక్కువ!

మార్చి 8, శనివారం

ఎల్లారెడ్డి బస్టాండులో చాయ్ తాగాను. తలనొప్పి మరి. దేవుడికి తెలుసు.

మార్చి 16, ఆదివారం

బోరు సన్నగా పోస్తోంది. మాకూ పక్క మడి ఈరవ్వకూ అది పొత్తుల బోరు. ఒక రోజు మాకు, ఒక రోజు ఆమెకు. అటూ ఇటూ తిప్పే వాల్వు ఒకటే. ఇద్దరి వరీ పొట్టమీదుంది, వెన్ను తీయబోతోంది. ఇప్పుడు తడి అందకపోతే గింజ పట్టదు, అంతా తాలే. బాపు కంచం ముందు కూర్చుని తినకుండా లేచాడు. ఈ పంట పోతే నా కోచింగూ బంద్.

పైగా అమ్మకూ ఈరవ్వకూ మాటల్లేవు. పోయినేడు ఈ నీళ్ల దగ్గరే అమ్మ ఆమెను దొంగ అని నోరు జారింది.

మార్చి 19, బుధవారం, ఉదయం 6

ఇవాళ ఈరవ్వ వంతు. పోయి చూస్తే వాల్వు మా వైపు తిరిగి ఉంది! గబగబా ఆమె వైపు తిప్పేసి, ఎవరైనా చూశారేమోనని దిక్కులు చూస్తూ వచ్చేశాను. ఇంటికొచ్చి బాపును కడిగేశాను. శ్రమకాలంలో ముసలామె నీళ్లు దొంగిలిస్తావా అన్నాను. దేవుని తోడు, నేను తిప్పలే ఎస్తేరూ అన్నాడు. నమ్మలేదు.

మార్చి 21, శుక్రవారం

మళ్లీ ఈరవ్వ వంతు. బాపును పట్టుకుందామని తెల్లారగానే మోటరు గది వెనక నిలబడ్డాను.

వచ్చింది ఈరవ్వ. కొంగు నడుముకు చెక్కుకుని, రెండు చేతులతో వాల్వు మా వైపు తిప్పింది. నీళ్లు మా మడిలో పడేదాకా చూసింది.

నేను బయటికొచ్చాను. ఆమే తిట్టింది. మొన్న తిప్పింది నువ్వేనా, ఒక తడి ఆగం జేసినవు గదనే అన్నది. ఎందుకవ్వా ఇట్లా అంటే, గీ నీళ్లు ఇద్దరికి సాలయి బిడ్డా, రెండు ఎండుడెందుకు, ఒకటన్న పండనీ అన్నది. మరి నీదే పండనీయొచ్చు కదా అన్నాను. మీ ఇంట్ల తినేటోళ్లు ముగ్గురు, నేనొక్కదాన్ని అన్నది. మీ అమ్మకు జెప్పకు, ఊకోదు అని కూడా అన్నది.

పోతూ పోతూ తన వరిని అరచేత్తో నిమిరింది. అది ఇంకా పచ్చగానే ఉంది. ఇంత పెద్ద పని ఇంత నిమ్మళంగా చేస్తారా మనుషులు! కోచింగ్ బస్సు పోయినా కదల్లేదు.

మార్చి 22, శనివారం

కడుపులో దాచుకోలేక అమ్మకు చెప్పేశాను. అమ్మ పరుగెత్తింది. వెనకాల బాపూ నేనూ. అప్పటికే ఈరవ్వ తన వరిలోకి బర్రెను మేతకు తోలేసింది. ఇగ మాట్లాడెటిది ఏం లేదు అన్నది. అమ్మ గట్టు మీద కూలబడి, దొంగ అన్న నా నోట్ల మన్నువడ అని ఏడ్చింది. ఈరవ్వ నవ్వింది. నీళ్లు పొర్లుతున్నయి సలోమీ, ముందుగాల గట్టు చూసుకోపో అన్నది.

మార్చి 24, సోమవారం

చాయ్ వాక్యం కొట్టేశాను.

ఏప్రిల్ 27, ఆదివారం

వరి కోశాం. ప్రథమ ఫలం చర్చిలో పెట్టడం మా పద్ధతి. బాపు మొదటి సంచి భుజానికెత్తుకుని చర్చి దాటిపోయాడు. ఈరవ్వ గుమ్మంలో దించాడు. గుడ్లప్పగించి చూశారు జనం. అయ్యగారు మాత్రం వెనకే వచ్చి చెప్పులు విడిచి, అక్కడే ప్రార్థన చేశారు.

జూన్ 20, శుక్రవారం

వాన జాడ లేదు. ఇద్దరి నారుమళ్లూ ఎండుతున్నాయి. ఇవాళ మా వంతు. తెల్లారగానే వాల్వు ఈరవ్వ వైపు తిప్పుదామని పోయాను. అప్పటికే తిప్పి ఉంది.

ఇంటికొస్తే అమ్మ కాళ్లు కడుక్కుంటోంది. మోకాళ్లదాకా బురద.