ఇల్లు అమ్మితే చేతికొచ్చేది

మీరు పోయి నేటికి ఏడాది. రేపు గద్వాలలో మన ఇల్లు అమ్ముతున్నాను. మీ లెక్కలు దిద్దింది నేనే కదా, ఇదీ నేనే వేశాను.

వెల తొమ్మిది వందల హాలీ రూపాయలు. మీ వైద్యానికి చేసిన అప్పు, వడ్డీతో ఎనిమిది వందల నలభై. స్టాంపు కాగితానికి, రాతకూలికి ముప్పై, దలాలుకు పద్దెనిమిది.

"చేతికెంతొస్తదవ్వా?" అన్నాడు దలాలు.

"చేతికి రాదు బిడ్డా, చేతిమీదికెల్లి పోతది."

అమ్మకం కాగితం మీద వేలిముద్ర వేసే ఆడపడుచుకు చీర పెట్టాలి. మీ చెల్లెలు జరీచీర అడిగింది. ఏడు రూపాయల నూలుచీరతో ఒప్పించాను.

ఐదు మిగిలాయి. అందులోంచే ఇల్లు వదిలి పోయే బండి బాడుగ. ఎంత తీసుకుంటావని బండి హుసేన్‌ను అడిగాను.

"యాడికి పోతవవ్వా?" అన్నాడు.

ఆ అంకె దగ్గర ఖాళీ వదిలాను.