అటక మీది నక్క

కోడలు పిల్లకి మీ అత్తయ్య మనసారా దీవించి రాసేది. ఇక్కడ అందరం ఒంట్లో కులాసాగానే ఉన్నాం. మనసుల సంగతి మాత్రం కిందికి చదువుకుంటూ వెళ్తే నీకే తెలుస్తుంది. అక్కడ మీ అక్కా బావా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

మావయ్య మోకాలు ఎలా ఉందని అడిగావు. ఇంటి మెట్లు ఎక్కేటప్పుడు మూలుగుతారు, పేకాటకి పిలిస్తే పరుగున పోతారు. నువ్వు పనిచేసే కళ్ళజోళ్ళ షాపు యజమాని మొన్న దారిలో కనపడి, అమ్మాయి ఎప్పుడొస్తుందని అడిగాడు. వాళ్ళక్కకి ఒంట్లో బాగాలేదు, సాయానికి వెళ్ళిందని చెప్పాను. పాపం, మీ అక్కని ఉత్తపుణ్యానికి మంచం ఎక్కించాను. ఏమీ అనుకోవద్దని చెప్పు.

ఇక అసలు సంగతి. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. ఈ మాటలు నోటితో అనడం నావల్ల కాదు తల్లీ. ఆస్పత్రి లాండ్రీలో సూపర్వైజరుగా ఇన్నేళ్ళూ చూడరాని దుప్పట్లన్నీ చూశాను, దేనికీ ముక్కు మూసుకోలేదు. నీ ప్రశ్న చదివాక మాత్రం కుర్చీలో కూలబడిపోయాను. "ఇది పడకగది సంగతేనా అత్తయ్యా? మీ కొడుకని వెనకేసుకురాకుండా నిజం రాయండి. మీ జవాబుని బట్టే తిరిగి రావాలో లేదో తేల్చుకుంటాను" అన్నావు. కాపురం మొత్తం మూటగట్టి తెచ్చి నా నెత్తిన పెట్టావు.

మీకు ముందే తెలుసా అని కూడా అడిగావు. ఒట్టు, నాకేమీ తెలియదు. నువ్వు పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాకే స్టూలు వేసుకుని అటకలోకి చూశాను. వేషం వేసుకునే బొచ్చు నక్క తల, అంత పెద్దది, గాజు కళ్ళతో నా మొహంలోకి చూసింది. అటక అంచు పట్టుకోకపోతే కింద పడేదాన్నే. నీ పెళ్ళిలో మా చెల్లెలు "నక్క తోక తొక్కావే పిల్లా, ఇలాంటి మొగుడు దొరికాడు" అంది గుర్తుందా? ఆ తోక మన అటక మీదే చుట్టచుట్టుకుని ఉందని ఎవరనుకున్నారు!

ఇలాంటి వేషాల గురించి ఫోన్లో వెతికి చూశానన్నావు కదా, నేనూ వెతికాను. ఛీ. ఫోన్ బోర్లా పెట్టి మొహం కడుక్కున్నాను. నిన్ను ఒక్క మాట కూడా అనాలనిపించలేదు. నీ వయసులో నేనైతే పెట్టె కూడా సర్దుకునేదాన్ని కాదు, కట్టుబట్టలతో పోయేదాన్ని.

ఆ రాత్రే అబ్బాయిని నిలదీశాను. "ఫర్రీలంటారమ్మా. మనుషుల్లా నడిచి, మాట్లాడే జంతువుల బొమ్మలన్నా కథలన్నా ఇష్టపడేవాళ్ళం. ఆదివారం హోటల్ హాల్లో కలుస్తాం" అని నోరు మూసుకున్నాడు. వాడి సంగతి నీకు తెలిసిందేగా, బెల్లం కొట్టిన రాయి. ఆదివారం లిఫ్టు రిపేరు పని తగిలి వాడు పోలేకపోయాడు. నేను పోయాను, వాడికి చెప్పకుండా. ఎందుకైనా మంచిదని చేతిలో గొడుగు పట్టుకున్నాను.

హాల్లో అడుగుపెట్టి నోరు తెరిచాను. వేషాలు వేసుకున్నవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. మిగతావాళ్ళంతా మామూలు బట్టల్లో బల్లల ముందు కూర్చుని బొమ్మలు గీసుకుంటున్నారు, రబ్బరు ఇలా ఇవ్వు, పెన్సిలు అలా ఇవ్వు అనుకుంటూ. ఇంతలో ఒక ఎలుగుబంటి నా ముందుకొచ్చి వీపు తిప్పింది. "అమ్మా, కాస్త జిప్పు లాగుతారా, ఊపిరాడట్లేదు" అని గొంతు. లాగాను. లోపల్నించి బుర్రమీసాల పెద్దాయన చెమటలు కక్కుతూ బయటపడ్డాడు. స్కూలు బస్సు డ్రైవరట. ఆ తొడుగులో ముక్కు గోక్కోవడానికే వీలుండదు, ఇంక వేరే పనులెక్కడ, అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. తొందరపడ్డాను.

తలుపు పక్కన ఒకావిడ సర్వే కాగితాలు పంచుతోంది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తుందట. ఇంత దూరం వచ్చాక సిగ్గేమిటని అడిగేశాను, ఇక్కడ జరిగేవి ఆ పనులేనా అని.

ఆవిడ నవ్వింది. "అందరూ మొదట అడిగేది అదేనండీ. కొందరికి అదీ ఉంటుంది. లేదంటే అబద్ధం చెప్పినట్టే. కానీ అదొక్కదానికోసమే వచ్చామన్నవాళ్ళు మా సర్వేలో చాలా తక్కువ. బొమ్మలు, కథలు, స్నేహాలు, ఎక్కువమంది చెప్పేవి ఇవే."

"మరి లోకమంతా అలా అనుకుంటుందేం?"

"లోకం దాకా ఎందుకండీ, వీళ్ళే అనుకుంటారు. నీ మట్టుకు నీకు ఆ యావ ఎంత అని అడిగితే తక్కువ చెప్పారు. పక్కవాళ్ళకి ఎంత ఉంటుందని అడిగితే ఎక్కువ చెప్పారు. దాదాపు అందరిదీ అదే వరస."

బల్లల వైపు తిరిగి చూశాను. ఒకే బల్ల మీద ఒకరి రంగులు ఒకరు వాడుకుంటూ, పక్కవాడే అలాంటివాడని ప్రతివాడూ అనుకుంటున్నాడా! తమ గురించి తగ్గించి చెప్పేవాళ్ళూ ఉంటారనీ, అందుకే కాగితం మీద పేరు రాయొద్దంటామనీ ఆవిడే అంది. మగవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళూ, ఆడవాళ్ళని ఇష్టపడే ఆడవాళ్ళూ బయటికంటే ఇక్కడ ఎక్కువమందే కనపడతారనీ, అది వేషం వల్ల వచ్చేది కాదనీ, ఇక్కడ దాచుకోవాల్సిన అవసరం లేకపోవడం వల్లేననీ చెప్పింది. ఒకటి మింగేలోపు ఇంకొకటి. "మరి మా అబ్బాయి సంగతి?" అన్నాను. "అది మా కాగితాల్లో ఉండదండీ. ఆయన్నే అడగాలి" అంది.

అడిగాను తల్లీ. ఏ తల్లీ కొడుకుని అడగకూడని మాట అడిగాను. పని నుంచి వచ్చి వంటింటి కుళాయి కింద చేతుల గ్రీజు కడుక్కుంటుంటే వెనక నిలబడి అడిగాను, మొహం చూసే ధైర్యం లేక. వాడు కుళాయి కట్టేశాడు. ఎంతసేపటికీ పలకలేదు.

ఇక్కడితో ఆపేసి "ఏమీ లేదట, వాడు వెన్నపూస" అని రాసేద్దామని నిన్న కూర్చున్నాను. కొడుకు కాపురం నిలబడుతుందంటే ఏ తల్లికి చెయ్యి రాదు? కానీ నువ్వు నన్ను నమ్మి అడిగావు. వాడు అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"చేరిన కొత్తలో ఉండేదమ్మా. ఇప్పుడు అసలే లేదని చెప్పను. కానీ దానికోసం పోను. రోజంతా లిఫ్టు గుంతలో ఒక్కణ్ణే ఉంటాను. నలుగురిలోకి వెళ్తే నాకు మాటలు రావు. ఆ తల పెట్టుకుంటే ఎవరో ఒకరొచ్చి కౌగలించుకుంటారు. నక్క మాట్లాడాల్సిన పని లేదు కదా."

వింటూ కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ మొదటి ముక్కకా, చివరి ముక్కకా అంటే ఇప్పటికీ చెప్పలేను. పక్కింటివాళ్ళు వినేలా అరిచాను, "ఈ ముక్క దానికెందుకు చెప్పలేదురా!" అని.

"అడిగితే చెప్పేవాణ్ణి. తను ఫోన్ని అడిగింది. తర్వాత నిన్ను అడిగింది."

ఊరుకున్నానా? అటక మీద దాచినవాడివి, అడగలేదని నిష్ఠూరాలొకటా అని దులిపేశాను. తల వంచుకుని, "భయమేసిందమ్మా. నా వైపు చూసినప్పుడు తన మొహం మారిపోతుందేమోనని" అన్నాడు. పెళ్ళయి ఇన్నాళ్ళూ వాడు అంత భయం మోస్తూ మన మధ్యే తిరిగాడంటే నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నా జవాబుని బట్టి తేల్చుకుంటానన్నావు. నేను తేల్చను తల్లీ. అది నా పని కాదు. శనివారం వాణ్ణి బస్సెక్కిస్తున్నాను. నన్నడిగిందే వాణ్ణి అడుగు, నీకు ఇంకేం అడగాలనిపిస్తే అవీ అడుగు. విన్నాక కూడా వద్దనిపిస్తే నీ సామాన్లు నేనే సర్ది తెచ్చిస్తాను, పల్లెత్తు మాట అనను. ఒక్కటే కోరుకుంటాను. అడిగిన వెంటనే వాడు పలకడు. నా దగ్గరా అంతే. ఆ కాసేపు తలుపు వెయ్యకు.

ఇట్లు,
నువ్వు వచ్చినా రాకపోయినా
నీ అత్తయ్య