బోన్ దారిలో తప్పిన మలుపు

జెవ్రే, సోమవారం

ప్రియమైన ఒడీల్,

బతికే ఉన్నాను తల్లీ. దిజోన్‌లో బయలుదేరిన మా గుంపు ద్రాక్షతోటల మధ్యగా సైకిళ్లు తొక్కుకుంటూ పొద్దు వాలకముందే ఇక్కడికి చేరింది. డెబ్బై రెండేళ్లవాణ్ణి, అందరికన్నా ముందు కొండెక్కాను. మమ్మల్ని నడిపిస్తున్న జిస్లేన్ "ముసలి మేక!" అని మెచ్చుకుంది.

భోజనంలో ఎర్ర వైన్ పులుసులో ఉడికిన గుడ్లు పెట్టారు. రొట్టెముక్కతో పళ్లెం అద్దంలా తుడిచేశాను. మీ అమ్మయితే "ఉల్లిపాయ ఇంకాస్త వేగాలి" అనేది.

ఒక్కటే చికాకు. ఈ జనం నోట్లో నోట్లో గొణుక్కుంటారు. నువ్వు ఫోన్ చెయ్యకు, ఉత్తరం రాయి. బోన్ సత్రానికి రాస్తే అందుతుంది.

ప్రేమతో,
నాన్న

లిల్, గురువారం

ప్రియమైన నాన్నా,

జిస్లేన్ గారు నాకు ఫోన్ చేశారు. నిన్న వూజో దగ్గర ఆవిడ వెనకనుంచి "కుడికి! కుడికి!" అని గొంతు చించుకుంటుంటే, మీరు తిన్నగా పోయి లారీలు తిరిగే పెద్దరోడ్డెక్కారట. మధ్యాహ్నమంతా వెతికారట. దొరికాక, "మలుపుందని నాకెవరూ చెప్పలేదే!" అన్నారట.

భోజనాల దగ్గర ఉప్పు అడిగితే కప్పు అందించారట. "ఈ ఏడు కోత ఎలా ఉంటుందంటారు?" అని ఒకాయన అడిగితే, "లిల్‌లో ఉంటుంది, ఉద్యోగం చేస్తోంది" అని మీ కూతురి సంగతి చెప్పారట. అందరూ నవ్వారట. నాకు నవ్వు రాలేదు. నానమ్మకీ మతిమరుపు ఇలాగే మొదలైంది కదా నాన్నా?

వచ్చే గురువారం మీ యాత్ర ముగిసే సాంతెనేకి కారులో వస్తాను. నాతో వచ్చేయండి.

మీ ఒడీల్

బోన్, శుక్రవారం

ఒడీల్ తల్లీ,

నిన్ను తిడదామనే కాగితం తీశాను. కోపం రావడం లేదు. జిస్లేన్ చెప్పానంటోంది, పక్కనున్నవాళ్లు విన్నామంటున్నారు. నాకు మాత్రం చెప్పినట్టే లేదు. చెప్పింది చెప్పినట్టే మరిచిపోతే ఇంకేం మిగిలింది?

మా అమ్మ చివర్లో నన్ను పాలవాడనుకుని చిల్లర చేతిలో పెట్టేది. అలాంటి రోజు నీకు రానివ్వను. గురువారం వచ్చి తీసుకెళ్లు.

ఇవాళ ఎపాస్ జున్ను పెట్టారు. ఆ కంపుకు పక్కబల్లవాళ్లు లేచిపోయారు. నేను రెండోసారి వడ్డించుకున్నాను. నోరు దాని పని అది చేస్తోందిలే.

నాన్న

లిల్, శనివారం

నాన్నా,

మీరు ఒప్పుకున్నారంటే సంతోషించాలి. ఉత్తరం చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చాను. మా ఇంటి దగ్గర్లో పెద్దవాళ్లుండే ఇల్లొకటి చూశాను. గది కిటికీలోంచి తోట కనిపిస్తుంది. సైకిల్ పెట్టుకోనిస్తారా అని అడిగాను. లేదన్నారు.

ఈ నాలుగు రోజులూ కడుపునిండా తినండి. జిస్లేన్ గారి పక్కనే ఉండండి.

మీ ఒడీల్

మెర్సో, మంగళవారం

నా బంగారు తల్లీ,

ముందు కూర్చో. మా గుంపులో సోలాంజ్ అని ఒకావిడ ఉంది, దిజోన్‌లో టోపీలు కుట్టేది. ఆదివారం వైన్‌లో ఉడికిన గొడ్డుమాంసం తింటున్నాం. ఆవిడ ఎదురుగా కూర్చుని చాలాసేపు కబుర్లు చెప్పింది, అన్నిటికీ సరిగ్గానే జవాబిచ్చాను. ఉన్నట్టుండి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది.

"అవునండీ, పులుసు అద్భుతం!" అన్నాను.

బల్లంతా ఘొల్లుమంది. ఆవిడ రుమాలు దించింది. "మీ మీసం ఎలుకతోకలా ఉందన్నానండీ! మీకు మతిమరుపేమిటి, మీ మొహం! నా పెదాలు కనబడితేనే మీకు మాట అందుతోంది. మీకు చెవుడు!"

నిన్న పొద్దున తనే నన్ను బోన్‌లో చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన కుడిచెవిలోంచి ద్రాక్షగింజంత గుబిలి తీశాడు. మిగతాది వయసేనట, చిన్న మిషన్ పెట్టుకుంటే సరిపోతుందట. తర్వాత ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, జ్ఞాపకానికి కూడా పరీక్ష పెట్టాడు. ఒక్కటీ తప్పలేదు. "మీరు మరిచిపోవడం లేదు మెస్యూ, అసలు మీకు వినబడితే కదా!" అన్నాడు. సిగ్గులేకుండా ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

ఆ గది ఇంకెవరికైనా ఇమ్మను. గురువారం మాత్రం తప్పకుండా రా, ఆకలితో రా. సోలాంజ్ నిన్ను చూడాలంటోంది.

నీకు చెప్పని మాట ఒకటుంది. ఏడాదిగా రోజూ కళ్లు తెరవగానే, మంచం దిగకముందే, మా వీధిలో వాళ్ల పేర్లు వరసగా చెప్పుకునేవాణ్ణి. రొట్టెలకొట్టు ఆయన, ఎదురింటి కవలలు, అందరి తర్వాత నువ్వు. ఒక్క పేరు అందడం ఆలస్యమైతే చెమటలు పట్టేవి. ఇవాళ లేచి, కాఫీ తాగి, సైకిలెక్కి, సగం కొండ ఎక్కాక గుర్తొచ్చింది. ఆ పేర్లు చెప్పుకోవడమే మరిచిపోయాను.

ముద్దులతో,
మీ నాన్న అన్సెల్మ్