యాకయ్య రాయని గోడ

జనగామ నివాసిని, డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరైన గూడూరి సంజీవ అను నేను, యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఒంట్లో చక్కెర జబ్బున్నా బుద్ధికి ఏ లోటూ లేకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. చాలా కోపంగా ఉన్నాను. కోపం మతి తప్పడం కిందికి రాదని దస్తావేజులు రాసే నా మిత్రుడు అబ్దుల్ గనీ చెప్పాడు కాబట్టి దాచడం లేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా గనీదే.

1. వీధి గది మినహా నా ఇల్లు, పింఛను బకాయి ఏదైనా వస్తే అదీ నా భార్య సరోజనకు చెందవలెను. ట్రంకుపెట్టె అడుగున ఆమె బొమ్మ ఉంది. కూర్చోమంటే పప్పు మాడుతుందని లేచిపోయింది, ముక్కు గీయడం మిగిలిపోయింది. ఇరవై ఆరేళ్లుగా ఆ ముక్కును రోజూ చూస్తూనే ఉన్నా, పూర్తి చేయలేదు. బద్ధకమే, వేరే కారణం లేదు.

2. 1969లో హెడ్మాస్టరు నాకు రాసిచ్చిన ప్రశంసాపత్రాన్ని నాతో పాటు కాల్చవలెను. అది ఎందుకొచ్చిందో వారసులకు తెలియాలి.

ఉద్యమం రోజుల్లో మా బడి గోడ మీద ఎర్రమట్టితో జై తెలంగాణ అని ఎవరో రాశారు. హెడ్మాస్టరు, పోలీసులు నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి ఎవరి చేయో చెప్పమన్నారు. ప్రతి గీతా కుడి నుంచి ఎడమకు లాగి ఉంది. ఎడమచేతి పని. బడిలో ఎడమచేత్తో రాసేవాడు ఒక్క యాకయ్యే. మిగతా వాళ్లను సార్లు స్కేలుతో కొట్టి కుడిచేతికి మార్చారు. వీణ్ణి మాత్రం ముట్టుకోవద్దని అడ్డుపడినవాణ్ణి నేను. అలా మిగిలిన ఒక్క చేతినీ నేనే పట్టించాను. భయపడి చెప్పి ఉంటే కొంత నయం. నాకు తెలియని చేయి బడిలో లేదని గొప్పకు చెప్పాను.

"నేను రాయలే సారూ," అన్నాడు వాడు. అబద్ధమాడకు అన్నాను, నలుగురి ముందు.

వాడు ఠాణా నుంచి వచ్చేసరికి ఎడమచేతి వేళ్లు రెండు వంగలేదు. ఈనాటికీ వంగవు. ఆ ఏడు పరీక్ష రాయలేదు. ఇప్పుడు భూపాలపల్లిలో కుడిచేత్తో లారీలకు పేర్లు రాస్తున్నాడు.

3. యాకయ్య బ్యాచి వాళ్లు ఈ నెల 25న బడిలో కలుసుకుని నాకు సన్మానం చేస్తారట. ఆ రోజు పంచే సన్మాన సంచిక కాగితాలు దిద్దమని నాకే పంపారు. అందులో దయాకర్, దేవరుప్పుల దొరవారి అబ్బాయి, ఇప్పుడు కాంట్రాక్టరు, ఇలా రాసుకున్నాడు: "గోడ మీద రాసింది నేనే. నా చేయి సారు గుర్తుపడ్తడని ఎడమచేత్తో రాసిన. సారునే బోల్తా కొట్టించిన." కింద నవ్వుతున్న ఫొటో. యాకయ్యను జీపు ఎక్కిస్తుంటే వీడు మొదటి బెంచీలో కూర్చుని చూశాడు. నోరు విప్పలేదు. పదిహేడేళ్లు దాటాక విప్పి, దాన్ని తమాషా అంటున్నాడు.

నాకు కప్పబోయే శాలువా దయాకర్‌కు చెందవలెను. చలికాలం, కప్పుకోనీ. నా వల్ల అయిన పాపానికి వాడు పూచీ కాదు, వాడి పాపానికి నేను పూచీ కాను. ఇద్దరం వేర్వేరుగా మొయ్యాల్సిందే.

4. నా కుంచెలు, రంగుడబ్బాలు, బోర్డుల దుకాణం పెట్టుకోడానికి వీధి గది, వాడు తొమ్మిదో తరగతిలో వేసిన గేదె బొమ్మ యాకయ్యకు చెందవలెను. ఆ గేదె ఇప్పటికీ మనవైపే చూస్తుంది. అలాంటిది నేను జన్మలో వేయలేదు.

5. రెండో నిబంధనను 25న వేదిక మీద నేనే చదువుతాను. "చచ్చినంక సదివేది గిది, సంజీవన్నా," అన్నాడు గనీ. చచ్చాక నాకు సిగ్గేముంటుంది? యాకయ్య అబద్ధమాడలేదని, ఆడాడని నమ్మినవాళ్లంతా వినేటట్టు, నా నోటితోనే చెప్పాలి.

6. మొన్న భూపాలపల్లి పోయి యాకయ్యకు అంతా చెప్పాను. లారీ తలుపు మీద పని ఆపకుండానే విన్నాడు. "రాయలేదని గప్పుడే చెప్పిన గద సారూ," అన్నాడు. క్షమించాడో లేదో అడిగే మొహం నాకు లేదు.

ఈ రోజు పిలవకుండానే జనగామ వచ్చాడు. గనీ దగ్గర కూర్చుని ఇదంతా చదివి, సాక్షి సంతకం తానే పెడతానన్నాడు. సాక్షిగా సంతకం చేసినవాడికి వీలునామాలో రాసిన ఆస్తి దక్కకపోవచ్చని గనీ రెండుసార్లు చెప్పాడు. నేనూ వద్దన్నాను. వినలేదు.

"గప్పుడు నా మాటకు సాక్షి ఎవ్వరు లేకుండె. సారు మాటకు నేనుంట."

నాలుగో నిబంధనను కొట్టేయమని గనీ అడిగాడు. కొట్టేయను. చెల్లకపోయినా అలాగే ఉండవలెను.

జనగామ, 3 జనవరి 1987.

(సంతకం) గూడూరి సంజీవ

సాక్షులు:
1. అబ్దుల్ గనీ, దస్తావేజు లేఖరి
2. యాకయ్య, కుడిచేతి సంతకం